ఎనిమిదేళ్ల తలకు పెద్దల కొలత

2023 వానాకాలం. ఖమ్మంలో నేను పనిచేసే స్కాన్ సెంటర్‌లో ఎంఆర్ఐ గది అన్నిటికంటే వెనక ఉంటుంది. కిటికీలు లేవు. బయట ఎండో వానో లోపలివాళ్లకు తెలియదు, ఏడాది పొడుగునా ఒకటే చలి. రోహిణి కార్తెలో కూడా స్వెటర్ వేసుకుని కూర్చునే నన్ను చూసి రిసెప్షన్ పిల్లలు "సునీత మేడంకు ఊటీలో డ్యూటీ" అని నవ్వుతారు. మాది కారేపల్లి. పదిహేనేళ్లుగా ఈ చలిలో మనుషుల తలలు చూస్తూ బతుకుతున్నాను. మా ఇంటివాళ్లు ఆదివారం చర్చిలో కూడా ముందు వరుసలో వాళ్ల తలలు లెక్కపెడుతున్నావా అని ఎగతాళి చేస్తారు.

ఆ ఏడాది ఒక వైద్య కళాశాల తరఫున మా దగ్గర ఒక అధ్యయనం మొదలైంది. మెదడుకు మలేరియా ఎక్కి బతికి బయటపడ్డ పిల్లలకు తర్వాత చదువు ఎట్లా సాగుతోంది, మెదడులో ఏమైనా మిగిలిపోయిందా అని చూడడం దాని ఉద్దేశం. పిల్లలంతా మణుగూరు, భద్రాచలం, చండ్రుగొండ వైపు అడవి ఊళ్లవాళ్లు. జబ్బు రాని తోబుట్టువులను కూడా పోలిక కోసం స్కాన్ చేయాలి. దీన్ని నడిపే డాక్టర్ కిరణ్ సార్ పిల్లల నరాల వైద్యుడు, హైదరాబాద్ నుంచి వచ్చేవారు. మంచి మనిషే. కాకపోతే ఆయన నడకా, మాటా, సంతకం మూడూ తొందరే.

స్కాన్ తీయడం ఒక పని, దాన్ని కొలవడం ఇంకో పని. మనుషుల తలలు ఒకదానిలా ఒకటి ఉండవు కాబట్టి పోల్చడానికి ఒక టెంప్లేట్ వాడతాం. టెంప్లేట్ అంటే వందల మంది తలలను కలిపి సగటు తీసిన నమూనా తల. కొత్తగా వచ్చిన స్కాన్‌ను కంప్యూటర్ ఆ నమూనా మీద సరిగ్గా కూర్చునేదాకా సాగదీస్తుంది, నొక్కుతుంది. దీన్ని రిజిస్ట్రేషన్ అంటాం. ఏ భాగాన్ని ఎంత సాగదీయాల్సి వచ్చిందో చూసి, అక్కడ మెదడు అంత తక్కువ ఉందని లెక్క కడుతుంది. తక్కువైన చోట నీలం రంగు వేస్తుంది.

నెల రోజులు హైదరాబాద్‌లో శిక్షణ తీసుకుని ఈ ఏర్పాటంతా నేనే చేశాను. ముందు నా తల స్కాన్ తీసి పరీక్షించాను. తర్వాత కిరణ్ సార్ తల, తర్వాత మా వాచ్‌మెన్ తల. ఎక్కడా నీలం చుక్క లేదు. వాచ్‌మెన్ ఆ రిపోర్టు ఇంటికి తీసుకెళ్లి వాళ్లావిడకు చూపించుకున్నాడు కూడా. అంతా సరిగ్గా ఉందని నేను సంబరపడ్డాను. మేం ముగ్గురం పెద్దవాళ్లమన్న సంగతి నాకు తట్టలేదు. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన టెంప్లేట్ పెద్దవాళ్ల తలలతో చేసిందని దాని పుస్తకంలో రాసే ఉంది. చదివాను, పేజీ తిప్పాను.

ఆగస్టులో ఒక ఉదయం శ్రావణి వచ్చింది. ఎనిమిదేళ్లు, మణుగూరు దాటాక అడవిలో ఉండే ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి. రెండేళ్ల కింద మలేరియా మెదడుకెక్కి మూడు రోజులు స్పృహ లేకుండా పడి ఉందట. ఇప్పుడు బడిలో నోరు విప్పదనీ, పిలిస్తే పలకదనీ, చెప్పింది గుర్తుండదనీ వార్డెన్ రాసి పంపింది. వెంట వచ్చింది అమ్మమ్మ సోమమ్మ. తునికాకు కోసీ, ఇప్పపువ్వు ఏరీ, కూలికి పోయీ ఆ పిల్లను సాకుతున్న కోయ మనిషి. పిల్ల తల్లి కన్నమ్మ ఈ పిల్లకు ఏడాది నిండకముందే చనిపోయింది.

ఎంఆర్ఐలో పిల్లలను కదలకుండా పడుకోబెట్టడమంత కష్టం ఇంకొకటి లేదు. తల చుట్టూ కాయిల్ అనే పంజరం లాంటిది బిగిస్తాం. లోపల సమ్మెటతో కొట్టినట్టు చప్పుడు. ఏడుస్తారు, తంతారు, ఒక పిల్లాడైతే నా వేలు కొరికాడు. శ్రావణి మాత్రం కళ్లు తెరుచుకుని ఇరవై రెండు నిమిషాలు కట్టెలా పడుకుంది. పెదాలు మాత్రం ఆగకుండా కదిలాయి. దానివల్ల నోటి దగ్గర బొమ్మ కొంచెం చెదిరింది. కదిలే భాగం పక్కన దానిదే పలచని నకలు ఒకటి పడుతుంది, మా వృత్తిలో దాన్ని ఘోస్ట్ అంటాం. రోజూ చూసేదే, పట్టించుకోలేదు.

బయటికి తీశాక అడిగాను.

"లోపల ఎవరితోని మాట్లాడినవ్ బిడ్డా?"

పిల్ల అమ్మమ్మ వైపు చూసింది. సోమమ్మే జవాబు చెప్పింది. "భయమైతే మా ఇంట్ల పోయినోళ్ల పేర్లు చదువుకో అని చెప్పిన మేడం. వరసగ చెప్పుకుంటె వాళ్లు పక్కకొచ్చి నిలబడతరు. దానికి ఏడు తరాలు నోటికొస్తయి."

ఏడు తరాల పేర్లు. నాకు మా తాతయ్య తండ్రి పేరు తెలియదు. అయినా ఈ పిల్లకు జ్ఞాపకశక్తి లేదని వార్డెన్ రాసిన కాగితం నా బల్ల మీదే ఉంది, నేను ఆ రెండింటినీ కలిపి చూడలేదు.

మధ్యాహ్నానికి కొలత వచ్చింది. నుదుటి వెనక భాగమంతా నీలం. కిరణ్ సార్ నిలబడే చూశారు.

"ఫ్రంటల్ భాగం చాలా తక్కువుంది సునీత గారూ. వార్డెన్ రాసిందానికి సరిపోయింది. ఈ పిల్లను మామూలు బడిలో కూర్చోబెట్టడం ఆమెకే అన్యాయం."

బుద్ధి ఎదగని పిల్లల కోసం హైదరాబాద్‌లో ఒక హోం ఉంది. శ్రావణిని అక్కడికి మార్చమని ఆయన అప్పుడే ఉత్తరం రాసి పాఠశాలకు మెయిల్ పంపేశారు. సోమవారం బండి వస్తుందని సోమమ్మకు చెప్పి, ఇంకో రోగిని చూడడానికి వెళ్లిపోయారు. అడవి నుంచి అంత దూరం పోయిన పిల్ల మళ్లీ ఎప్పుడు వస్తుందో, వచ్చేసరికి ఏ భాష మాట్లాడుతుందో ఎవరూ చెప్పలేదు.

దారిలో వాగు పొంగి వాళ్ల బండి సాయంత్రం దాకా కదిలేలా లేదు. మూడు గంటలప్పుడు సోమమ్మ నా గది తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది.

"ఏం తక్కువున్నదంట నా మనవరాలికి? నాకు చూపియ్యి బిడ్డా. చూడంది నేను పంపియ్య."

నీలం బొమ్మ చూపించాను. ఆమెకు అది గుమ్మడికాయ కోసినట్టు కనిపించి ఉంటుంది. సరే, తల మొత్తంగా కనిపిస్తే అర్థమవుతుందని త్రీడీ బొమ్మ తెరిచాను. టెంప్లేట్ మీద కూర్చోబెట్టిన తరువాతి తల అది. మేం చూసేది ఎప్పుడూ లోపలి మెదడునే. పైన చర్మం ఎట్లా ఉందో ఎవరమూ చూడం, కాలేజీకి పంపే ముందు ఎవరిదో తెలియకుండా ముఖం తీసేయాలన్న నియమం కూడా ఉంది. ఆ బొమ్మను అట్లా తిప్పి చూడడం నాకూ అదే మొదటిసారి.

బూడిద రంగు తల నల్లటి తెర మీద మెల్లగా తిరిగింది. ముందు చెవి, తర్వాత చెంప, తర్వాత ముఖం. ఎంఆర్ఐలో జుట్టు పడదు, కనుబొమ్మలు పడవు. గుండు తల, మూసినట్టున్న కళ్లు, ఏదో చెప్పబోయి ఆగినట్టు చెదిరిన నోరు. అది శ్రావణి ముఖం కాదు. పాతికేళ్ల ఆడమనిషి ముఖం. దవడ పొడుగ్గా ఉంది, కొంచెం ఎడమకు వంగి ఉంది.

సోమమ్మ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. తర్వాత కోయ భాషలో ఏదో అంది. అందులో నాకు అర్థమైంది ఒకటే మాట, కన్నమ్మ.

"ఇది నా బిడ్డ," అంది నా వైపు తిరిగి. "దీని ఫోటో నీకెట్లొచ్చింది? మా ఇంట్లనే ఒక్క ఫోటో లేదు."

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. స్కాన్ గదిలో పెట్టిన మైక్‌లోంచి మిషన్‌ను చల్లబరిచే పంపు చప్పుడు వినిపిస్తోంది, ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు. అది పంపు అని నాకు తెలుసు, పదిహేనేళ్లుగా వింటున్నదే. అయినా తెర వైపు చూడలేకపోయాను. శ్రావణి మాత్రం చూస్తోంది. భయం లేదు, కొత్తవాళ్లను చూసినట్టు తల పక్కకు వంచి చూస్తోంది.

"అవ్వా, ఇది ఫోటో కాదు," అన్నాను. "ఇది ఈ పిల్ల తలనే. పెద్దోళ్ల తల ఒకటి మా దగ్గర కొలతకు ఉంటది. దాని మీద ఈ పిల్ల తల పెడితే, కంప్యూటర్ గుంజి దానంత చేసింది. అందుకే పెద్దమనిషి లెక్క కనపడుతున్నది."

"గుంజిందా?"

"అవ్."

"గుంజి, తక్కువొచ్చిందని చెప్పిందా?"

అవునన్నట్టు తలూపాను.

"గదేం కొలత బిడ్డా? నా రవిక దీనికి తొడిగితె వదులే అయితది. రవిక వదులైతె పిల్ల చిక్కిపోయినట్టా?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నా పని. నెల రోజుల శిక్షణ, సర్టిఫికెట్టు, గోడకు కట్టిన ఫ్రేము, అన్నీ ఆ రవిక ముందు ఎగిరిపోయాయి.

వాళ్లు వెళ్లాక, జబ్బు రాని తోబుట్టువుల ఫోల్డర్ తెరిచాను. రోగుల రిపోర్టులు తొందరని వాళ్ల స్కాన్‌లను అప్పటిదాకా కొలవలేదు. మొదట చండ్రుగొండ పిల్లాడిది పెట్టాను. ఆ పిల్లాడు స్కాన్ రోజున నాకు పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పి, మా ఏసీ ఎందుకు కారుతుందో కూడా చెప్పి పోయాడు. వాడి నుదుటి వెనకా నీలం. రెండో పిల్ల, నీలం. మూడో పిల్లాడు, నీలం. జబ్బుతో సంబంధం లేదు. చిన్నవాళ్లయితే చాలు, మా మిషను లెక్కలో వాళ్లకు లోపం ఉన్నట్టే.

చూడకుండా ఉండాల్సింది, కానీ ప్రతి దాని ముఖం తిప్పి చూశాను. తొమ్మిది మంది. తొమ్మిదేళ్ల పిల్లాడి స్థానంలో బుగ్గలు పీక్కుపోయిన మొగమనిషి, ఏడేళ్ల పిల్ల స్థానంలో ఎవరి తల్లో. ఈ భూమ్మీద ఇంకా లేని మనుషులు, కళ్లు మూసుకుని ఒకరి తర్వాత ఒకరు నా వైపు తిరిగారు. వాళ్లు నిజంగా ఆ వయసుకు వస్తారో రారో ఎవరికి తెలుసు? ఆ ఆలోచన వచ్చాక కుర్చీలో కూర్చోలేకపోయాను. లైట్లన్నీ వేసి, తలుపు తెరిచి పెట్టి, కిరణ్ సార్‌కు ఫోన్ చేశాను.

"ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ అది," అన్నారు ఆయన.

"పెద్దవాళ్లకు వాడుతున్నరు సార్. మనం పిల్లలకు వాడినం. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, పెట్టింది నేను."

ఆయన వచ్చారు. నీలం బొమ్మలన్నీ వరసగా చూశారు. చివరికి శ్రావణి త్రీడీ బొమ్మ కూడా తిప్పమన్నారు. అది సగం తిరిగేసరికి చాలన్నారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చోవడం నేను అదే మొదటిసారి చూశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పాఠశాలకు ఫోన్లు మొదలుపెట్టాం. ఆ అడవిలో సిగ్నల్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. రెండు రోజులు ఎవరూ ఎత్తలేదు. వెనక్కి తీసుకుంటున్నామని పంపిన మెయిల్‌కు జవాబు లేదు. సోమవారం బండి వచ్చేస్తే పిల్ల వెళ్లిపోతుంది. ఒకసారి ఆ హోం రిజిస్టర్‌లోకి ఎక్కిన పేరును బయటికి తీయడం ఎంత కష్టమో కిరణ్ సార్‌కు తెలుసు. ఆదివారం నేను చర్చి మానేశాను, ఆయన హైదరాబాద్ ప్రయాణం మానేశారు. ఆ రోజు తెల్లవారగానే ఇద్దరం బయల్దేరాం. మణుగూరు దాటాక చెట్ల కింద దారి ఎంత చీకటిగా ఉందంటే, పొద్దున పదింటికి హెడ్‌లైట్లు వేసుకున్నాం.

పాఠశాల వరండాలో రేకు పెట్టె మీద కూర్చుని ఉంది శ్రావణి. నూనె రాసి జడ వేశారు. పక్కన సోమమ్మ నిలబడి ఉంది. వార్డెన్ లోపలి నుంచి వస్తూనే, "సార్, రేపటి బండికి అన్నీ సర్దించిన. హాజరు పట్టీల పేరు కొట్టేసిన," అంది.

కిరణ్ సార్ వార్డెన్‌తో మాట్లాడలేదు. నేరుగా వెళ్లి సోమమ్మ ముందు నిలబడ్డారు.

"అమ్మా, పిల్లకు ఏం తక్కువ లేదు. మా కొలత తప్పు. నేను తప్పు రాసిన. పిల్లను ఇక్కడనే ఉంచండి."

సోమమ్మ ఆయన బూట్లకు అంటిన బురద చూసింది. "గింత దూరం గీ మాట చెప్పనీకె వచ్చిన్రా?"

"అవ్ అమ్మా."

ఆమె పిల్ల భుజం తట్టి కోయలో ఏదో చెప్పింది. శ్రావణి పెట్టె మీది నుంచి లేచి, దాన్ని రెండు చేతులతో ఈడ్చుకుంటూ లోపలి గదిలోకి వెళ్లింది. ఎవరినీ సాయం అడగలేదు, మా వైపు చూడనూ లేదు. కిరణ్ సార్ వార్డెన్‌ను పక్కకు పిలిచి, ఆ పిల్లకు ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష అని అడగడం మొదలుపెట్టారు. అది ముందే అడగాల్సిన ప్రశ్న. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

తర్వాత సోమమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఆ ముఖం ఇంక నీ కాడ ఉన్నదా?"

లాప్‌టాప్‌లో ఉంది. వార్డెన్‌కు అర్థం కాకపోతే చూపిద్దామని తెచ్చాను. ఆమె అడగబోయేది తెలిసినట్టే అనిపించింది. "కావాల్నా అవ్వా? కాగితం మీద తీసియ్యనా?" అన్నాను. నియమం ప్రకారం ఇవ్వకూడదు. అడిగితే ఇచ్చేదాన్నే.

ఆమె వరండా అంచున కూర్చుని లాప్‌టాప్ తెరవమంది. తెరిచాను. ఈసారి వెలుతురులో చూశాను కాబట్టి భయం ఉండదనుకున్నాను, కానీ ఉంది. ఆ ముఖం తిరిగి మా వైపు ఆగినప్పుడు సోమమ్మ తన వేలితో తెర మీద దవడ ఎడమ వైపు నిమిరింది.

"గిట్లనే ఉండేది," అంది. "ఇరవై రెండేండ్లకే పోయింది."

"మరి ఇయ్యనా?"

"వద్దు." ఆమె వేలు ఇంకా తెర మీదే ఉంది. "ఇంట్ల పెడితె పిల్ల రోజు చూస్తది. చూసి చూసి, నేను గిట్లనే కావాలె, గిట్లనే పోవాలె అనుకుంటది. దాని ముఖం దానికి రానియ్యి బిడ్డా. తీసెయ్యి."

తీసేసే మీట నొక్కాను. నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. అదేమంటోందని సోమమ్మ అడిగితే చెప్పాను. ఆమె నా చేతిని పక్కకు జరిపి, ఎక్కడ నొక్కాలో చూపించమని, బొమ్మతో కోయలో నాలుగు మాటలు మాట్లాడి, తానే నొక్కింది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. వాళ్ల ఫోటో లేని ఇంట్లోంచి ఆ మనిషి రెండోసారి వెళ్లిపోవడం నేను పక్కనుండి చూశాను.

తర్వాత నాలుగు నెలలు కొత్త టెంప్లేట్ చేశాం. తల ప్రాణం తోకకొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువుల స్కాన్‌లనే ఒకదానితో ఒకటి కలిపి సగటు తీయడం, ఆ సగటు మీద మళ్లీ అందరినీ పెట్టడం, మళ్లీ సగటు. చిన్నవాళ్లకు ఒకటి, పదేళ్లు దాటినవాళ్లకు ఒకటి. మొదటి సగటు పొగమంచులా వచ్చింది. ప్రతి తడవకూ అందులోంచి ఒక పిల్ల తల తేరుకుంటూ వచ్చింది, ఏ తల్లీ కనని పిల్ల. ఈసారి మెదడు వరకే ఉంచి, పైన ముఖం ఏర్పడకముందే తీసేశాను. దాని మీద పెడితే చండ్రుగొండ పిల్లాడి నీలం పోయింది. నిజంగా జబ్బు దెబ్బ తగిలిన ఇద్దరు పిల్లలు మాత్రం బయటపడ్డారు, వాళ్లకు వైద్యం మొదలైంది. అంతకుముందు అందరూ నీలమే కాబట్టి వాళ్లు కనిపించకుండా పోయేవాళ్లు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను ఇప్పుడు చెప్పేది ఒకటే. రిపోర్టులో 'తక్కువ' అన్న మాట రాసే ముందు, దేనికంటే తక్కువ అని అడగండి. ఆ 'దేనికంటే' ఎవరి తలతో చేశారో కనుక్కోండి. పిల్లలంటే కుదించిన పెద్దవాళ్లు కాదని ప్రతి తల్లికీ తెలుసు. మిషను ముందు కూర్చున్నప్పుడు మనమే మరిచిపోతాం.

శ్రావణి ఏటా స్కాన్‌కు వస్తుంది. బడిలో ఇప్పుడు కోయ తెలిసిన టీచరు ఉన్నారు, పిల్ల రెండు భాషల్లోనూ వసపిట్టలా మాట్లాడుతుంది. నేను మాత్రం ఆమె వచ్చిన ప్రతిసారీ దొంగచాటుగా ఆమె దవడ చూస్తాను. ఎడమకు వంగుతోందా, పొడుగవుతోందా అని. కన్నమ్మ ఇరవై రెండేళ్లు గుర్తొస్తాయి. ఈ ఏడాది ఆ చూపు ఆమెకు దొరికిపోయింది.

"ఏంది మేడం, గట్ల చూస్తున్నరు? నా ముఖం మీద ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు బిడ్డా. పెద్దగైతున్నవ్."

"అయితనే కదా మరి," అని నవ్వి, తానే స్కాన్ బల్ల ఎక్కి పడుకుంది.